కంప్యూటర్ చికాకులకు చిట్కా వైద్యం

రంజాన్ నెల దగ్గర పడినప్పుడు సహాయం అందుకునేవారి జాబితా ముందు ఒకసారైనా కూర్చున్న వారికి, షేక్ అనే చిన్న పేరు ఎంత పని పెడుతుందో తెలుసు. ఆధార్ కార్డులో ఆ పేరు ఇంగ్లీషులో ఐదు అక్షరాలతో ఉంటుంది. బ్యాంకు పాసుపుస్తకంలో చివర ఒక హెచ్ ఎక్కువ. రేషన్ కార్డులో ఉత్త ఎస్.కె. అని రెండు పొడి అక్షరాలు. ఇక మహమ్మద్ సంగతి చెప్పనక్కర్లేదు. ముహమ్మద్, మొహమ్మద్, మహమ్మద్, ఎండీ అంటూ ఒకే ఇంట్లో అన్నదమ్ముల కార్డుల్లోనే నాలుగు రకాలు కనిపిస్తాయి. మనిషికి ఇవన్నీ ఒకటే. కంప్యూటర్‌కు మాత్రం ఒక్క అక్షరం మారితే మనిషే మారిపోయినట్టు.

నవ్వుకుని వదిలేసే విషయం కాదిది. ఒకే తల్లి పేరు మూడు రకాలుగా ఎక్కితే ఒక ఇంటికి రెండు కిట్లు పోతాయి, పక్క వీధిలో ఇద్దత్‌లో కూర్చున్న ఇంకో తల్లికి లెక్క చాలదు. దీనికి తిరగబడ్డ తప్పు ఇంకా పెద్దది. షేక్ హుసేన్‌బీ అనే పేరున్న ఇద్దరు వేర్వేరు మనుషులను ఒక్కరే అనుకుని ఒక పేరు కొట్టేస్తే, ఆమె వచ్చి అడిగేదాకా ఎవరికీ తెలియదు. అడగడానికి మొహమాటపడే మనిషైతే అసలే తెలియదు. దాతలు ఇచ్చిన సొమ్ము చేరవలసిన చేతికి చేరిందా లేదా అన్నది చివరికి ఇలాంటి అక్షరాల దగ్గరే తేలుతుంది.

ఈ కష్టానికి మందు ఏ కంపెనీ అమ్మదు. నందికొట్కూరు, ఆత్మకూరు, ఆళ్లగడ్డ వీధుల్లో పేర్లు ఎన్ని రకాలుగా రాస్తారో తెలుసుకుని దానికో సాఫ్ట్‌వేర్ తయారుచేస్తే కొనేవారెందరు? అందుకని ఇలాంటి వాటికి ఇంటివైద్యమే గతి. కష్టపడుతున్న మనిషే, లేదా అతని పక్కన కూర్చున్న చదువుకున్న కుర్రవాడే, పది ఇరవై వరుసల ప్రోగ్రాం రాసుకుంటాడు. అది ఎక్సెల్‌లో ఒక ఫార్ములా కావచ్చు, బ్రౌజర్‌లో తెరిచే ఒక పేజీ కావచ్చు, డబుల్ క్లిక్ చేస్తే నడిచే ఒక చిన్న ఫైలు కావచ్చు. దాన్ని తన దగ్గరే పెట్టుకోకుండా నలుగురికీ ఇస్తాడు. ఈ వ్యాసం అలాంటి చిన్న పనిముట్ల గురించి, వాటిని పంచుకోవడం గురించి.

ఇదేదో అమెరికా వారి విద్య అనుకోనవసరం లేదు. ఈరోజు మనం కంప్యూటర్‌లో తెలుగు రాస్తున్నామంటే దాని వెనుక ఇలా ఇంట్లో చేసి పంచిన పనిముట్లు చాలా ఉన్నాయి. 1990 దశకం మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ కలిసి, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఒక పద్ధతిని ఏర్పరచారు. దాన్నే ఆర్‌టీఎస్ అంటారు. మామూలు కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు మాట తయారయ్యే దారి అది. అప్పటికి ఇంటర్నెట్‌లో తెలుగు ముచ్చట్లు ఆడుకునే కొద్దిమంది అవసరం కోసం పుట్టింది. తర్వాత ఎన్నో సాఫ్ట్‌వేర్లకు అదే పునాది అయింది.

రెండో చికాకు ఫాంట్లది. డీటీపీ సెంటరుకు వెళ్లి పెళ్లిపత్రికో కరపత్రమో వేయించిన వారందరికీ ఇది అనుభవమే. అక్కడ తెలుగులో చక్కగా కనిపించిన ఫైలు మన కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంకాని ఇంగ్లీషు గీతల్లా కనిపిస్తుంది. కారణం ఏమిటంటే, పాత తెలుగు ఫాంట్లలో తెలుగు అక్షరాలకు సొంత స్థానం లేదు. ఇంగ్లీషు అక్షరాలు ఉండాల్సిన గదుల్లో తెలుగు తలకట్లు, గుడులు, ఒత్తులు అద్దెకున్నట్టు కూర్చున్నాయి. ఆ ఫాంటు తీసేస్తే అసలు ఇంటివారు బయటపడతారు. పైగా ఏ ఫాంటువారి అమరిక వారిదే. అనూ ఫాంట్లలో చేసిన ఫైలును ఇంకో కంపెనీ ఫాంటులోకి మారిస్తే పనికి రాదు. వాటిలో ఒక పేరు వెతకాలన్నా కుదరదు.

యూనికోడ్ వచ్చి తెలుగుకు 128 స్థానాల సొంత వరుస ఇచ్చింది. 1991 నాటి మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. కానీ స్థానం ఉంటే చాలదు కదా. 2000 తర్వాత కూడా చాలాకాలం పెద్ద తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లలోనే వచ్చేవి. ఆ వార్తను కాపీ చేసి ఇంకొకరికి పంపితే గీతలే మిగిలేవి. ఈ చికాకుకు నాగార్జున వెన్న అనే ప్రోగ్రామర్ చేసిన చిట్కా పేరు ‘పద్మ’. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న జోడింపు అది. ఏ గదిలో ఏ తెలుగు ముక్క కూర్చుందో ఒక్కో ఫాంటుకు ఒక్కో పట్టిక రాసి పెట్టుకుంటే, పేజీ తెరవగానే దాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. సోర్స్ కోడ్ బయట పెట్టడంతో ఇతరులు తమకు కావలసిన ఫాంట్ల పట్టికలు చేర్చారు. తెలుగుకోసం మొదలైనది తమిళం, మలయాళం, దేవనాగరి వంటి ఇతర లిపులకూ పాకింది.

ఆ కోడ్‌ను ఆధారం చేసుకునే 2006లో వీవెన్ అనే కలంపేరుతో తెలుగువారికి పరిచయమైన యువకుడు ‘లేఖిని’ తయారుచేశారు. అందులో రెండే గడులు. ఒక గడిలో ఇంగ్లీషు అక్షరాలతో రాస్తే రెండో గడిలో తెలుగు వస్తుంది. కాపీ చేసుకుని ఎక్కడ కావాలంటే అక్కడ అంటించుకోవచ్చు. చూడటానికి ఇంతే. కానీ అప్పటి పరిస్థితి గుర్తు తెచ్చుకోండి. విండోస్ ఎక్స్‌పీలో తెలుగు రావాలంటే సెట్టింగుల్లోకి వెళ్లి, కంప్యూటర్‌తో వచ్చిన సీడీ పెట్టి, తెలుగు లిపి మద్దతు వేసుకోవాలి. ఇంటర్నెట్ సెంటరులో గంటకు ఇంత అని కూర్చున్న కుర్రవాడికి అక్కడి కంప్యూటర్‌లో ఏదీ వేసుకునే అధికారం ఉండదు. లేఖినికి వేసుకోవడమే అవసరం లేదు, పేజీ తెరిస్తే చాలు. ఆ ఒక్క తెలివి వల్ల ఎంతోమంది తమ మొదటి తెలుగు వాక్యం దానిలోనే రాశారు.

ఈ వరుసను ఒకసారి చూడండి. ఆర్‌టీఎస్ చేసినవారు పద్మ వస్తుందని ఊహించలేదు. పద్మ చేసినవారు లేఖిని కోసం చేయలేదు. ఒకరు చేసి గట్టున పెట్టినదాన్ని ఇంకొకరు తీసుకుని తమ పని చేసుకున్నారు. గుట్టుగా దాచుకుని ఉంటే రెండోవారు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టవలసి వచ్చేది.

ఇప్పుడు మన ఆఫీసు బల్ల దగ్గరికి వద్దాం. ఏటా స్కాలర్‌షిప్పు దరఖాస్తుల కాలంలో పిల్లలను ఏడిపించేది ఫొటో సైజు. ఫొటో ఇన్ని కేబీలకు మించకూడదు, సర్టిఫికెట్ ఇన్ని కేబీలకు మించకూడదు అని పోర్టల్ అంటుంది. ఫోన్‌తో తీసిన ఫొటో దానికి పదులరెట్లు ఉంటుంది. చివరి తేదీ రాత్రి ఆ పిల్ల ఏం చేస్తుంది? ఇంటర్నెట్‌లో వెతికి, ముక్కూ మొహం తెలియని ఒక వెబ్‌సైట్‌లో తన ఆధార్ కార్డు, తండ్రి ఆదాయ ధ్రువపత్రం ఎక్కించి చిన్నది చేసుకుంటుంది. పని అయిపోతుంది. కానీ ఆ కాగితాలు ఎవరి దగ్గరికి వెళ్లాయో, ఎన్నాళ్లు ఉంటాయో ఎవరికి తెలుసు? జిరాక్స్ అంగడి కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద నలభై కుటుంబాల ఆధార్ కార్డులు వరుసగా పరిచి ఉండటం మనలో చాలామంది చూసే ఉంటారు.

దీనికి పాత, నమ్మకమైన పనిముట్టు ఒకటి ఉంది. బోస్నియాలో పుట్టి వియన్నాలో చదువుకున్న ఇర్ఫాన్ స్కిల్యాన్ అనే ఆయన 1996లో బొమ్మలు చూసుకోవడానికి ఒక చిన్న సాఫ్ట్‌వేర్ చేసి తన పేరే పెట్టారు, ఇర్ఫాన్‌వ్యూ అని. ఇప్పటికీ ఆయనే చూసుకుంటున్నారు. ఫొటో భద్రం చేసేటప్పుడు ఇన్ని కేబీలు కావాలని చెబితే ఆ లోపలికే కుదిస్తుంది. ఒక ఫోల్డర్‌లోని వంద ఫొటోలను ఒకేసారి కుదిస్తుంది. ఇళ్లలో వాడుకోవడానికి ఉచితం. ధార్మిక, సేవా సంస్థలకు కూడా ఉచితమని షరతుల్లోనే రాశారు. మనలాంటి సొసైటీ దొంగకాపీ వాడే అగత్యం లేదన్నమాట. అన్నిటికంటే ముఖ్యం, ఫొటో మన గది దాటి వెళ్లదు. ఇంకొంచెం సుఖం కావాలంటే, ఫలానా పోర్టల్‌కు ఫలానా సైజు అని రాసిపెట్టిన చిన్న బ్యాచ్ ఫైలు ఒకటి దానికి జోడించి, ఫోల్డర్‌లో ఫొటోలు వేసి దాని మీద క్లిక్ చేయడమే పనిగా మార్చుకోవచ్చు. ఇంటర్ చదివే పిల్లవాడు ఒక మధ్యాహ్నంలో నేర్చుకునే విద్య ఇది.

తర్వాత అంకెల సంగతి. ఇక్కడ చికాకు కంటికి కనిపించదు, అందుకే ప్రమాదం ఎక్కువ. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలే గుర్తుంచుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబరు కొడితే చివరి అంకెను నోరెత్తకుండా సున్నా చేసేస్తుంది. ఖాతా నంబరు సున్నాతో మొదలైతే ఆ సున్నా ఎగిరిపోతుంది. రోజు, నెల కలిపి 3/4 అని రాస్తే మార్చి నాలుగో ఏప్రిల్ మూడో అది తన ఇష్టప్రకారం తేల్చుకుంటుంది. మనమే కాదు, శాస్త్రవేత్తలూ దీనితో ఓడిపోయారు. మార్చ్1, సెప్ట్1 లాంటి పేర్లున్న జన్యువులను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే, చివరికి 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చవలసి వచ్చింది. మనకు అంత దూరం వెళ్లాల్సిన పనిలేదు. నంబర్లు కొట్టేముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా పెట్టుకుంటే చాలు. ఈ ఏర్పాటు ముందే చేసి ఉన్న ఖాళీ ఫైలు ఒకటి తయారుచేసి అందరికీ అదే పంచితే, అదే ఒక చిన్న పనిముట్టు. ప్రోగ్రాం రాస్తేనే సాఫ్ట్‌వేర్ అనుకోకూడదు.

బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో 11 గుర్తులు ఉంటాయి. మొదటి నాలుగూ బ్యాంకు అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా, మిగతా ఆరూ బ్రాంచివి. ఆ ఐదోచోట సున్నాకు బదులు ఇంగ్లీషు ‘ఓ’ అక్షరం కొట్టడం రోజూ జరిగే పొరపాటు. కంటికి తేడా తెలియదు. ఐదో గుర్తు సున్నా కాకపోతే గడి ఎర్రగా మారాలి అని ఒక్క వరుస షరతు రాస్తే కొట్టిన క్షణంలోనే దొరికిపోతుంది. అలాగే ఆంధ్రా బ్యాంకు, సిండికేట్ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న వేరే బ్యాంకుల్లో కలిసిపోయాయి. మొదటి నాలుగు అక్షరాలు వాటివే ఉన్న కోడ్ ఇంకా జాబితాలో ఉంటే అది పాతదే. మన ప్రాంతంలో ముసలివాళ్ల పాసుపుస్తకాలు చాలావరకు అప్పటివే కాబట్టి ఈ తనిఖీ బాగా అక్కరకొస్తుంది.

ఆధార్‌లో ఇంకో చమత్కారం ఉంది. 12 అంకెల్లో చివరిది మిగతా పదకొండింటి నుంచి లెక్కకట్టి పెట్టిన కాపలా అంకె. ఆ లెక్క 1969లో వెర్‌హోఫ్ అనే డచ్ గణితజ్ఞుడు కనిపెట్టినది. ఏ ఒక్క అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఈ లెక్క పట్టేస్తుంది. బ్యాంకు కార్డుల మీద వాడే ఇంకో పాత లెక్కకు 09ని 90గా కొడితే తెలియదు, దీనికి తెలుస్తుంది. రెండు చిన్న పట్టికలు, పది వరుసల ప్రోగ్రాం ఉంటే ఇంటర్నెట్ లేకుండానే, ఎవరికీ ఏమీ పంపకుండానే, నంబరు సరిగ్గా కొట్టామా లేదా అని చూసుకోవచ్చు. ఒక మాట గుర్తుంచుకోవాలి. ఈ తనిఖీ దాటిన నంబరు తప్పులేకుండా కొట్టిందని మాత్రమే అర్థం. కార్డు అసలుదని గానీ, అది ఆ మనిషిదేనని గానీ అది చెప్పదు.

జిల్లాల మార్పు తెచ్చిన తంటా చిన్నదే గాని చెప్పుకోదగ్గది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడి నందికొట్కూరు అందులోకి వచ్చింది. పాత జాబితాలో కర్నూలు అని ఉన్నచోటల్లా నంద్యాల అని మార్చెయ్ అని కంప్యూటర్‌కు చెబితే, కర్నూలు ఉస్మానియా కాలేజీలో చదివే పిల్లలంతా నంద్యాల ఉస్మానియా కాలేజీలో తేలతారు! చిరునామా గడిలో, ఫలానా మండలాలకు మాత్రమే మార్చు అని చెప్పే నాలుగు వరుసలు రాసుకోవాలి.

ఇక షేక్ దగ్గరికి. పేర్లను అక్షరాలను బట్టి కాకుండా పలుకును బట్టి పోల్చే ఆలోచన వందేళ్లు దాటినది. అమెరికాలో రాబర్ట్ రస్సెల్ అనే ఆయన 1918లో దానికి పేటెంటు తీసుకున్నారు. సౌండెక్స్ అంటారు. 1930ల్లో అక్కడి పాత జనాభా లెక్కల్లో పేర్లు వెతకడానికి దీనితోనే సూచికలు తయారుచేశారు. పద్ధతి సులువు. పేరులో మొదటి అక్షరం అలాగే ఉంచాలి. తర్వాతి అచ్చులు, హెచ్, డబ్ల్యూ, వై తీసేయాలి. దగ్గరగా పలికే హల్లులకు ఒకే అంకె ఇవ్వాలి. షేక్‌ను పూర్తి అక్షరాలతో ఎన్ని రకాలుగా రాసినా ‘ఎస్ 200’ అనే వస్తుంది. మహమ్మద్, ముహమ్మద్, మొహమ్మద్ అన్నీ ‘ఎం 530’. ఖాజా, ఖ్వాజా, కాజా మూడూ ‘కె 200’. ఇంతవరకు బాగుంది.

కానీ అమెరికా పేర్లకు కుట్టిన చొక్కా మన ఒంటికి అంతటా సరిపోదు. ఎస్.కె. అని పొడి అక్షరాలు రాస్తే ‘ఎస్ 000’ వస్తుంది. ఎండీ అని రాస్తే ‘ఎం 300’. మొదటి అక్షరం మారితే పని అయిపోయినట్టే. ఖాసింను కొందరు క్యూతో, కొందరు కెతో మొదలుపెడతారు. తెలుగులో జెడ్ పలుకు లేదు కాబట్టి జాకీర్, జుబేదా పేర్లను మన ఆఫీసుల్లో సగంమంది జెడ్‌తో, సగంమంది జెతో రాస్తారు. ఫాతిమా పాతిమా అవుతుంది. బాషా పాషా అవుతాడు. వీటన్నిటికీ మనమే ఒక చిన్న పట్టిక రాసుకోవాలి. జెడ్ అయినా జె అయినా ఒకటే, ఎఫ్ అయినా పి అయినా ఒకటే, ఎస్.కె. అంటే షేక్, ఎండీ అంటే మహమ్మద్. ఈ పట్టిక ఏ పుస్తకంలోనూ దొరకదు. మన వీధుల్లో కార్డులు చూసినవారి తలలో ఉంటుంది. దాన్ని కాగితం మీద పెట్టడమే అసలు పని, ప్రోగ్రాం రాయడం ఆ తర్వాత అరపూట పని.

తెలుగులో కొట్టిన జాబితా అయితే వేరే పట్టిక. ఖ, క ఒకటి చేయాలి. శ, ష, స ఒకటి చేయాలి. దీర్ఘాలు తీసేయాలి, ఒత్తులు సడలించాలి, సున్నాను మకారంగా మార్చాలి. అప్పుడు షంషాద్, శంషాద్, షమ్షాద్ ఒకచోటికి వస్తాయి. ఇక్కడ ఒక దొంగ దాగున్నాడు. తెలుగులో పొల్లు అక్షరం తర్వాత కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని ఒక గుర్తును చేరుస్తాయి, తర్వాతి అక్షరం దాని కింద ఒత్తుగా పడిపోకుండా. ఆ గుర్తు ఉన్న షేక్, లేని షేక్ తెర మీద అచ్చం ఒకటే. కంప్యూటర్‌కు వేరువేరు. గంటసేపు తల పట్టుకున్నా కారణం తెలియదు. పేర్లు పోల్చేముందు ఆ గుర్తునూ, చివర మిగిలిన ఖాళీలనూ తుడిచేయడం ప్రతి తెలుగు జాబితాకూ మొదటి వైద్యం.

అయినా యంత్రం మాట వేదవాక్కుగా తీసుకోకూడదు. సౌండెక్స్ లెక్కలో హసన్, హుసేన్ ఇద్దరికీ ‘హెచ్ 250’ వస్తుంది. ఖాజాకూ కాశికీ ఒకే అంకె. మన సీమలో హుసేనప్ప, దస్తగిరి, మస్తానమ్మ లాంటి పేర్లు హిందువులూ ముస్లింలూ కూడా పెట్టుకుంటారు, కాబట్టి పేరును బట్టి మనిషిని తేల్చడం ఇక్కడ మరీ కష్టం. పుట్టినతేదీ ఆసరాగా తీసుకుందామంటే, తేదీ తెలియని పెద్దవాళ్ల ఆధార్‌లో ఎక్కువగా జనవరి 1 అనే ఉంటుంది. అందుకని ఈ పనిముట్టు పేర్లు కొట్టేయకూడదు. అనుమానం ఉన్న జంటలను పక్కపక్కన చూపించాలి, భర్త లేదా తండ్రి పేరు, వీధి, ఫోన్ నంబరులో చివరి నాలుగు అంకెలు కూడా వాటితో పాటు. చూసి తేల్చవలసింది ఆ వీధి తెలిసిన ఇద్దరు మనుషులు. వెయ్యి పేర్లు కళ్లు చిట్లించి చదివే బదులు యంత్రం ఎత్తి చూపిన కొద్ది జంటలే చూస్తే సరిపోతుంది, అంతవరకే దాని సాయం.

పంచుకోవడం గురించి కొంచెం. ఉచిత సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఆద్యుడైన రిచర్డ్ స్టాల్‌మన్ కథ చాలామంది వినే ఉంటారు. ఆయన పనిచేసే ఎంఐటీ ప్రయోగశాలలో ప్రింటరులో కాగితం ఇరుక్కునేది. పాత ప్రింటరుకు ఆయన ఒక చిన్న మార్పు చేశారు, కాగితం ఇరుక్కోగానే ప్రింటు ఇచ్చినవారికి కబురు వెళ్లేలా. 1980 ప్రాంతంలో కొత్త ప్రింటరు వచ్చింది, కానీ దాని సోర్స్ కోడ్ ఇవ్వలేదు. ఆ చిన్న మార్పు చేసుకునే వీల్లేకపోయింది. అలాంటి అనుభవాల నుంచే ఎవరైనా చదివి, మార్చి, పంచుకోవచ్చుననే షరతుల ఆలోచన పుట్టింది. 1989లో వచ్చిన జీపీఎల్ లైసెన్సు ఆ కోవదే. మన పది వరుసల పనిముట్టుకు కూడా పైన ఒక వాక్యం రాసి ఉండాలి, దీన్ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని. లేకపోతే నంద్యాలలో ఇంకో జమాత్ వారు వాడుకోవాలన్నా సందేహిస్తారు.

నా అభిప్రాయంలో ఇలాంటి పనిముట్లు చచ్చిపోయేది సాంకేతిక లోపం వల్ల కాదు, చేసిన కుర్రవాడు ఉద్యోగం వచ్చి బెంగళూరుకో గల్ఫ్‌కో వెళ్లిపోవడం వల్ల. ఆ తర్వాత అది ఎలా నడుస్తుందో ఎవరికీ తెలియదు, రెండేళ్లకు మూలపడుతుంది. కాబట్టి ప్రతిదానికీ తెలుగులో ఒక పేజీ రాత ఉండాలి: ఇది ఏం చేస్తుంది, ఎక్కడ నొక్కాలి, ఏం చేయదు. కనీసం ఇద్దరికి అది తెలిసి ఉండాలి. ఆ రెండో మనిషి కంప్యూటర్ చదివినవాడే కానక్కర్లేదు, ఓపికున్న రిటైర్డ్ టీచరైతే ఇంకా మంచిది.

పనిముట్టును పంచాలి, దానితోపాటు జాబితాను మాత్రం పంచకూడదు. ఇది గట్టిగా చెప్పాలి. ఎలా పనిచేస్తుందో చూపించడానికి నిజమైన పేర్లున్న ఫైలును వాట్సాప్‌లో పంపడం మామూలైపోయింది. అందులో వితంతువుల ఫోన్ నంబర్లు, అనాథ పిల్లల వివరాలు, బ్యాంకు ఖాతాలు ఉంటాయి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఎవరు సహాయం తీసుకుంటున్నారో ఊరికి తెలియడం ఆ ఇంటి మర్యాదకు సంబంధించిన విషయం. నమూనాకు కల్పిత పేర్లు ఇరవై రాసి పెట్టుకుంటే సరిపోతుంది. అలాగే తెలియనివారు పంపిన ఏపీకే ఫైళ్లు, డబుల్ క్లిక్ చేయమని వచ్చే ఫైళ్లు తెరవకూడదు. మనం పంచేది వీలైనంతవరకు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవగలిగే రూపంలో ఉండాలి, లోపల ఏముందో తెలిసినవాడెవడైనా చూసి చెప్పగలిగేలా.

దాతలు దీనికి ఏం చేయాలని కొందరు అడగవచ్చు. సాఫ్ట్‌వేర్ కొనడానికి డబ్బు అక్కర్లేదు. ఇంట్లో పక్కన పడేసిన లాప్‌టాప్ ఒకటి, అందులోని మీ సొంత ఫైళ్లన్నీ తుడిచేసి ఇస్తే పనికొస్తుంది. డిగ్రీలో కంప్యూటర్ సైన్స్ చదివే మన పిల్లలు ఉన్నారు. వారికి ప్రాజెక్టు కావాలి, మనకు పనిముట్టు కావాలి. వారానికి ఒక సాయంత్రం ఆఫీసు బల్ల దగ్గర కూర్చుని గుమస్తా ఎక్కడెక్కడ విసుక్కుంటున్నాడో చూస్తే, ఏం చేయాలో వారికే తెలుస్తుంది. దారి ఖర్చులు, చిన్న ఉపకారవేతనం ఎవరైనా భరిస్తే చాలు. ఇంజనీర్లుగా హైదరాబాదులోనో దుబాయిలోనో ఉన్న మన వారు నెలకో గంట ఆ పిల్లల కోడ్ చదివి తప్పులు చెప్పినా అది డబ్బు కంటే ఎక్కువ.

చేయవలసినవాటిలో అన్నిటికంటే కష్టమైనది ఉర్దూ. 2022లో రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష అయింది. రసీదులు, సర్టిఫికెట్లు ఉర్దూలో కూడా ఇవ్వాలని పెద్దలు కోరుతున్నారు, న్యాయమే. 1994లో ఢిల్లీలో పుట్టిన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన పాత కాగితాలు చాలా మసీదు ఆఫీసుల్లో ఉన్నాయి. అనూ ఫాంట్లలాగే వాటిదీ సొంత అమరిక. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే చిన్న కన్వర్టర్లను ఉర్దూ అభిమానులు చేసి ఉచితంగా పంచారు, కాబట్టి పాత కాగితాలకు దారి ఉంది. తెలుగు జాబితాలోని పేర్లను ఉర్దూలోకి మార్చడమే చిక్కు. ఉర్దూలో హ్రస్వాలు రాయరు. ముహమ్మద్ అనే పేరు నాలుగు హల్లులే. అంటే ఉర్దూ నుంచి తెలుగుకు వచ్చేటప్పుడు అచ్చులు ఊహించుకోవాలి. తెలుగు నుంచి ఉర్దూకు వెళ్లేటప్పుడు వేరే బాధ. జెడ్ పలుకుకు ఉర్దూలో జాల్, జే, జ్వాద్, జోయ్ అని నాలుగు అక్షరాలుంటే, తెలుగులో అన్నీ ‘జ’ కిందికే వస్తాయి. జాల్‌తో రాసే నజీర్ అంటే హెచ్చరించేవాడు, జోయ్‌తో రాసే నజీర్ అంటే సాటి అని అర్థం. మన దాతల పుస్తకంలో నజీర్ అనే పేర్లు ఒకటికి మించి ఉన్నాయి. ఎవరిది ఏ నజీరో ఏ ప్రోగ్రామూ చెప్పలేదు. ఆ గడి వారిని అడిగే నింపాలి. ఈసారి రసీదు తీసుకునేటప్పుడు మీ పేరు ఉర్దూలో ఎలా రాయాలో వెనుకవైపు ఒకసారి రాసి ఇస్తే ఆ పట్టిక మొదలవుతుంది.